ఫోర్‌కే అన్నారు, అమ్మ మొహం కనబడలేదు

ఈ ఆషాఢంలో అమ్మ సంవత్సరీకం. ఫ్రేము కట్టించడానికి మంచి ఫోటో ఒకటి చూడమన్నాడు అన్నయ్య. అమ్మ ఫోటోలన్నీ ఆధార్ కార్డు ఫోటోల్లాగే ఉంటాయి. కెమెరా కనబడితే చాలు, బిగుసుకుపోయేది. ఆవిడ పళ్ళు కనబడేలా నవ్విన సందర్భం కెమెరాకి చిక్కింది ఒక్కసారే. కిందటేడాది మాఘంలో మా పెద్దమ్మాయి పెళ్ళిలో, తలంబ్రాల దగ్గర. పిల్ల పోస్తుంటే అల్లుడు తల వంచి తప్పించుకున్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న అమ్మ, చేతిలో ఉన్న అక్షింతలన్నీ వాడి నెత్తిన కుమ్మరించి పడీపడీ నవ్వింది. తర్వాత అయిదు నెలలకే పోయింది.

ఆ నవ్వు వీడియోలో ఉందని నాకు ధీమా. ఫోన్లో ఎన్నిసార్లు చూసుకున్నానో. సరే, ఆ ఒక్క బొమ్మ తీసి ఫోటో చేయిద్దామని హాల్లో 55 అంగుళాల టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టించాను. తలంబ్రాలు వచ్చాయి. ఆపమన్నాను. మావారు ఆపారు.

అమ్మ మొహం ఉండాల్సిన చోట పసుపూ గోధుమరంగూ కలిసిన గళ్ళు. కళ్ళేవో, నవ్వేదో తెలియడం లేదు. కాస్త ముందుకి, కాస్త వెనక్కి జరిపి చూశాం. అంతే. మంటపం వెనక పూల తెర మాత్రం రేకు రేకు కనబడుతోంది. జీలకర్ర బెల్లం అప్పుడు పిల్ల మొహం చక్కగా ఉంది. తలంబ్రాలు మొదలయ్యేసరికి అందరి మొహాలూ అలుక్కుపోయాయి.

"పెన్‌డ్రైవ్ మీద ఫోర్‌కే అని రాసిందిగా, టీవీదేమో తప్పు" అన్నారు మావారు. ఫోర్‌కే కోసమే పెద్ద ప్యాకేజీ తీసుకున్నాం మరి. మరిదిగారు స్వయంగా బేరం చేశారు. "వదినా, హెచ్‌డీ కాదు, ఫోర్‌కే. నాలుగు రెట్లు క్లారిటీ" అని ఊదరగొట్టారు. నేను తలూపాను. వీడియో సంగతి మగవాళ్ళ డిపార్ట్‌మెంట్ కదా!

మర్నాడు టీవీ సంగతి తేల్చుకుందామని పెన్‌డ్రైవ్ పట్టుకుని పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. మా ఇంట్లో కంప్యూటర్ ఏది చెడినా అక్కడికే పోతాం. షాపులో కుర్రాడు ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచి చూపించాడు. "టీవీ ఏం ఖరాబ్ కాలేదు ఆంటీ. ఇది ఫోర్‌కేనే. గానీ బిట్‌రేట్ ఆరే ఉంది. ఎట్ల సరిపోతది?"

ఆ ఒక్క మాట పట్టుకుని నెల రోజులు తవ్వాను. తెలిసింది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. నేను మోసపోయినట్టే మీలో చాలామంది ఈ మాఘంలోనో, వచ్చే శ్రావణంలోనో మోసపోబోతున్నారు.

వీడియో అంటే చుక్కల ముగ్గు అనుకోండి. ముగ్గులో ఎన్ని చుక్కలు పెట్టారన్నది రిజల్యూషన్. 1080పీ అనే ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల చుక్కలు. ఫోర్‌కేలో 3840 ఇంటూ 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. మరిదిగారి నాలుగు రెట్లు ఇదే. ఆ లెక్క నిజమే. కానీ అది క్లారిటీ లెక్క కాదు, చుక్కల లెక్క.

ఆ చుక్కల్ని నింపడానికి సెకనుకి ఎంత సమాచారం ఇచ్చారన్నది బిట్‌రేట్. దాన్ని ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని కొలుస్తారు. మన భాషలో చెప్పాలంటే, రిజల్యూషన్ పెనం, బిట్‌రేట్ పిండి. చిన్న పెనం మీద గరిటెడు పిండి పోస్తే నిండుగా దోసె వస్తుంది. అదే గరిటెడు పిండిని హోటలు పెనం మీద పరిస్తే? ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుంటుంది, చూడ్డానికి పెద్దదే, నిండా చిల్లులు. మాకు స్టూడియో వాళ్ళు ఇచ్చింది ఆ చిల్లుల దోసె. డబ్బు తీసుకున్నది పెనం సైజుకి.

లెక్క కూడా చెప్తాను, కష్టమేం కాదు. ఫైల్ బరువుని నిర్ణయించేది చివరికి బిట్‌రేటూ, నిడివీ. అంతే. రిజల్యూషన్ నేరుగా బరువు పెంచదు. చుక్కలు పెరిగాయి కాబట్టి వాటికి సరిపడా బిట్‌రేట్ పెంచాల్సి వస్తుంది, అలా బరువు పెరుగుతుంది. పెంచకపోతే పెరగదు, బొమ్మే చెడుతుంది. ఒక ఎంబీపీఎస్ వీడియో నిమిషానికి ఏడున్నర ఎంబీ, గంటకి 450 ఎంబీ తింటుంది. కాబట్టి మీ దగ్గరున్న ఫైల్ సైజుని నిమిషాలతో భాగించండి, వచ్చినదాన్ని ఏడున్నరతో భాగించండి. అదే బిట్‌రేట్. మా పెళ్ళి సినిమా మూడున్నర గంటలు, 9,450 ఎంబీ. 210 నిమిషాలతో భాగిస్తే 45. ఏడున్నరతో భాగిస్తే 6. షాపు కుర్రాడు చెప్పిన ఆరు అదే.

ఆరు ఎక్కువా తక్కువా? ఫోర్‌కే వీడియోని ఎక్కించేవాళ్ళకి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ మామూలు వేగానికి 35 నుంచి 45. 1080పీకి 8. అంతెందుకు, మా చిన్నమ్మాయి ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్ తెరిస్తే అక్కడే రాసి ఉంటుంది. నిమిషానికి 1080పీ అయితే 60 ఎంబీ, ఫోర్‌కే అయితే 170 ఎంబీ. ఏడున్నరతో భాగించండి. ఫోర్‌కేకి దాదాపు 23 వస్తుంది. జేబులో ఫోనే ఫోర్‌కేకి 23 ఇస్తుంటే, లైట్లూ, క్రేనూ, డ్రోనూ వేసుకుని వచ్చిన స్టూడియో ఇచ్చింది 6.

ఎందుకు తగ్గించారు? అడిగాను. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టాలి కదా మేడమ్ అన్నారు. నలభై చొప్పున ఇస్తే 63 జీబీ అవుతుందట. సరే, ఒప్పుకుందాం. అయితే అదే పెన్‌డ్రైవ్‌లో 1080పీ వీడియోని 8 ఎంబీపీఎస్‌తో పెట్టినా 12.6 జీబీయే అయ్యేది. హాయిగా పట్టేది. అప్పుడు సెకనుకి 25 బొమ్మల లెక్కన ఆరున్నర చుక్కలకి ఒక బిట్ దక్కేది. ఇప్పుడు మాకు దక్కింది 35 చుక్కలకి ఒక బిట్. అమ్మ కళ్ళూ, ముక్కూ, నవ్వూ ఆ ఒక్క బిట్టూ పంచుకోవాలి. చిన్న పెనం వాడి ఉంటే అమ్మ మొహం దక్కేది. కానీ చిన్న పెనానికి పెద్ద ప్యాకేజీ ధర అడగలేరు!

మరి జీలకర్ర బెల్లం బాగుండి, తలంబ్రాలు ఎందుకు చెడ్డాయి? నాకు ఒళ్ళు మండిపోయింది ఇక్కడే. వీడియోని కుదించే పద్ధతి ఏమిటంటే, ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచరు. ఒకటి పూర్తిగా దాచి, తర్వాత వచ్చేవాటిలో మారిన మేరకే రాసుకుంటారు. కదలని గోడ, పూల తెర, కూర్చున్న పురోహితుడు, వీటికి ఖర్చు దాదాపు లేదు. చెయ్యి ఇటు నుంచి అటు కదిలితే "ఈ ముక్క అటు జరిగింది" అని రాసుకుంటే సరిపోతుంది. కానీ తలంబ్రాలు? వేల బియ్యపు గింజలు, పైగా ఇప్పటి ఫ్యాషన్ ప్రకారం ముత్యాలూ, రంగు బంతులూ, పూరేకులూ. దేని దారి దానిదే. వాటి మీద ఫ్లాష్‌లైట్లు టపటపా వెలిగి ఆరుతుంటే బొమ్మ మొత్తం వెలుగు మారిపోతుంది. ముందు బొమ్మ చూసి తర్వాతది ఊహించడానికి ఏమీ మిగలదు. అంతా కొత్తగా రాసుకోవాలి. రాసుకోవడానికి పిండి లేదు. అప్పుడది గళ్ళు గళ్ళుగా చుట్టేస్తుంది.

అంటే చూడండి. మన పెళ్ళిలో అందరూ నవ్వే ఘట్టం ఏది? అదే బిట్‌రేట్‌కి అన్నిటికంటే గడ్డు ఘట్టం. ఆరు గంటల పెళ్ళిలో సాగదీసిన తంతులన్నీ అద్దంలా వస్తాయి, ఆ రెండు నిమిషాలే పాడవుతాయి. తెలుగు పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళకి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

ఇక నాతో వాదించినవాళ్ళ మాటలూ రాస్తాను.

"ఫోన్లో బాగానే ఉందిగా" అన్నారు మరిదిగారు. నిజమే. ఆరంగుళాల తెర మీద గళ్ళు కంటికి ఆనవు. ఏడాది పాటు నేను మోసపోయింది అందుకే. బంధువులకి పంపడానికి, భోజనాలయ్యాక సరదాగా చూసుకోవడానికి చిన్న ఫైల్ చాలు. ప్రతిదానికీ ఫోర్‌కే కావాలని నేనూ అనను. కానీ పంచుకునే కాపీ వేరు, దాచుకునే కాపీ వేరు. ఊళ్ళోవాళ్ళకి పంచే శుభలేఖనీ, బీరువాలో దాచే ఇంటి దస్తావేజునీ ఒకే కాగితం మీద అచ్చు వేయించం కదా.

"కొత్త కోడెక్ వాడాం మేడమ్, తక్కువలోనే బాగా వస్తుంది" అన్నారు స్టూడియోవాళ్ళు. కోడెక్ అంటే పిండిని పరిచే చెయ్యి. 2003లో వచ్చిన హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్.265 చెయ్యి తిరిగినదే. దాదాపు సగం పిండితో అంత దోసె వేస్తుంది. ఒప్పుకున్నా నలభైలో సగం ఇరవై. ఆరు కాదు.

"ఏఐ ఉంది కదా పిన్నీ, బాగుచేసేద్దాం" అన్నాడు మా అక్క కొడుకు. చేశాడు కూడా. చూస్తే నున్నటి మొహం, వరసైన పళ్ళు, నిండు నవ్వు. అందరూ ఆహా అన్నారు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. అమ్మ గడ్డం మీద పచ్చబొట్టు లేదు. చిన్నప్పుడు పొడిపించుకున్న ఆకుపచ్చ చుక్క, మేమందరం వేలు పెట్టి ఆడుకున్నది. గళ్ళలో అది పోయింది. పోయినదాన్ని ఏఐ తిరిగి తేలేదు, అక్కడ ఏముండొచ్చో ఊహించి గీసింది. ఆ ఊహలో పచ్చబొట్టు లేదు. ఎవరో పెద్దావిడ నవ్వుతోంది. మా అమ్మ కాదు. కుదించేటప్పుడు పారేసిన సమాచారం పారేసినట్టే. ఉడికిన అన్నాన్ని మళ్ళీ బియ్యం చేయలేం.

మరి కెమెరా తీసిన అసలు ఫుటేజ్? అది ఇచ్చెయ్యమని అడిగాను. సెకనుకి 100 మెగాబిట్లు రాసే కెమెరాలు పెళ్ళిళ్ళలో మామూలేనట. అంటే గంటకి 45 జీబీ. అందులో అమ్మ మొహం ఉండే ఉంటుంది, పచ్చబొట్టుతో సహా. "మూడు నెలలే ఉంచుతాం మేడమ్, తర్వాత చెరిపేస్తాం. హార్డ్‌డిస్క్ తెచ్చుకుంటే ఇచ్చేవాళ్ళం, సార్‌కి చెప్పాం" అన్నారు. సార్‌కి గుర్తు లేదు. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ హార్డ్‌డిస్క్ ఖర్చు నేను పంచిన తాంబూలం సంచుల ఖర్చు కన్నా తక్కువ.

పెద్ద కంపెనీలు కూడా బిట్‌రేట్ తగ్గిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అందరం ఇళ్ళలో కూర్చుని సినిమాలు చూస్తుంటే నెట్‌వర్కులు తట్టుకోవని భయపడ్డారు గుర్తుందా? అప్పుడు నెట్‌ఫ్లిక్స్ ముందు యూరప్‌లో, తర్వాత మన దేశంలో తన ట్రాఫిక్ 25 శాతం తగ్గిస్తానని ప్రకటించింది. రిజల్యూషన్ ముట్టుకోలేదు, బిట్‌రేట్ కోసింది. హెచ్‌డీకి డబ్బు కట్టినవాళ్ళకి హెచ్‌డీ అనే పేరు అలాగే ఉంది. అదే వారంలో మన దేశంలోని స్ట్రీమింగ్ కంపెనీలు కూడబలుక్కుని మొబైల్ డేటా మీద ఏప్రిల్ 14 వరకు 480పీ దాటి ఇవ్వమన్నాయి. వాళ్ళు కోసింది పెనాన్ని. రెండు దారులూ ఉన్నాయి, అవసరాన్ని బట్టి రెండూ న్యాయమే. కానీ వాళ్ళు చెప్పి చేశారు. కొంత నాణ్యత తగ్గొచ్చని ముందే అన్నారు. మా స్టూడియో మీద నా ఫిర్యాదు తగ్గించారని కాదు. తగ్గించి, పైన ఫోర్‌కే అని బంగారు అక్షరాలతో రాసి పెట్టెలో పెట్టి ఇచ్చారని.

తప్పంతా వాళ్ళదే అని చేతులు దులుపుకుంటే అబద్ధమాడినట్టే. మా పెళ్ళి వీడియో వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఉండేది, మూడు. వీసీఆర్ పాడయ్యాక వాటిని వీసీడీలుగా మార్పించాం. వీసీడీ అంటే 352 ఇంటూ 288 చుక్కలు, వీడియోకి 1.15 ఎంబీపీఎస్. "ఇంకా ఈ డబ్బాలెందుకు, బూజు పడుతున్నాయి" అని ఆ క్యాసెట్లని పాత సామానువాడికి వేసింది ఎవరు? నేనే. స్టీలు గిన్నె కూడా రాలేదు. ఇప్పుడు మా నాన్న కన్యాదానం చేస్తున్న దృశ్యం ఆ వీసీడీలో తపాలా బిళ్ళంత స్పష్టతతో ఉంది. అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే, ఆ డబ్బాలు అటక మీద ఉంచి ఉండేదాన్ని. చోటు కలిసొస్తుందని చేసుకున్న చిన్న కాపీ, చివరికి ఉన్న ఒక్క కాపీ అయి కూర్చుంటుంది. ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. ఇప్పుడు అటక బదులు ఫోను. "స్టోరేజ్ ఫుల్" అనగానే అసలు వీడియోలు తుడిచేసి, వాట్సాప్‌లో వచ్చినవి ఉన్నాయిగా అనుకుంటున్నాం. వాట్సాప్ మామూలుగా పంపే వీడియో కుదించి పిప్పి చేసినది. అది దాచుకునేది కాదు.

అక్కలూ, చెల్లెళ్ళూ, మనల్ని బంగారం కొట్లో ఎవరైనా మోసం చేయగలరా? ఎన్ని గ్రాములు, ఎంత తరుగు, హాల్‌మార్క్ ఉందా అని వరసపెట్టి అడుగుతాం. జనరల్ బజార్లో చీర కొంగు వేళ్ళ మధ్య నలిపి చూసి జరీ సంగతి చెప్పేస్తాం. అలాంటి మనం, ఇంటిల్లిపాది మొహాలనీ నలభై ఏళ్ళు దాచాల్సిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి "అవన్నీ మీరు చూసుకోండి" అనేస్తున్నాం. పాతికేళ్ళ తర్వాత ఆ వీడియో పెట్టమని అడిగేది ఎవరు? పోయినవాళ్ళని అందులో వెతుక్కునేది ఎవరు? మనమే కదా.

కాబట్టి బేరం మనమే చేద్దాం. స్టూడియోవాళ్ళని నాలుగు మాటలు అడగండి. ఒకటి, ఫోర్‌కేనా అని కాదు, బిట్‌రేట్ ఎంత అని. 35కి తక్కువైతే, లేదా హెచ్.265లో 20కి తక్కువైతే, నాకు ఫోర్‌కే వద్దు, 1080పీనే పది పన్నెండుతో ఇవ్వండి అనండి. మంచి 1080పీ, ఆకలితో చచ్చే ఫోర్‌కే కన్నా వెయ్యి రెట్లు నయం. రెండు, బిట్‌రేట్ అంతటా ఒకేలా కాకుండా, కదలిక ఎక్కువున్న చోట ఎక్కువ ఇచ్చేలా వీబీఆర్‌లో చేయమనండి. తలంబ్రాలు బతుకుతాయి. మూడు, కెమెరా ఫుటేజ్ మొత్తం మన హార్డ్‌డిస్క్‌లో ఎక్కించి ఇస్తేనే ఆఖరి వాయిదా డబ్బు. నాలుగు, ఇదంతా రసీదు మీద రాయమనండి. ఇంట్లో మాత్రం, ఫోన్లో తీసిన అసలు వీడియోలు ఏడాదికి ఒకసారైనా హార్డ్‌డిస్క్‌లోకి మార్చుకోండి. ఎవరికైనా ఉన్నదున్నట్టు పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా కుదించకుండా వెళ్తుంది.

వచ్చే మాఘంలో మా చిన్నమ్మాయి పెళ్ళి. వేరే స్టూడియో. ఈసారి బేరానికి నేనే కూర్చున్నాను. "బిట్‌రేట్ ఎంత ఇస్తారు బాబూ?" అని అడిగితే ఆ అబ్బాయి ముందు మావారి వంక చూశాడు, సార్ చెప్తారేమో అని. మావారు నా వంక చూశారు. రసీదు మీద రాయించుకుని వచ్చాను.

అమ్మ ఫోటోకి చివరికి ఆధార్ కార్డు మొహమే ఫ్రేము కట్టించాం. బిగుసుకుపోయి ఉంది. కానీ గడ్డం మీద పచ్చబొట్టు ఉంది.